అక్షహృదయము నేర్చుకొన్న నలుగురు

నలోపాఖ్యానము వినని తెలుగు గృహము అరుదు. జూదములో రాజ్యము పోగొట్టుకొన్న నలుడు బాహుకుడను మారుపేరుతో ఋతుపర్ణ మహారాజు కొలువున చేరి, ఆయన రథమును విదర్భకు తోలుకొని పోతున్నాడు. దారిలో ఒక తాండ్రచెట్టు కనబడినది. రాజు రథము దిగకుండగనే ఆ చెట్టున ఆకులెన్నో, కాయలెన్నో లెక్క చెప్పినాడు. నలుడు ఆ మాటను అట్లే నమ్మి ఊరకొనలేదు. రథము నిలిపి, దిగి, తానే లెక్కించి చూచినాడు. లెక్క సరిపోయినది. ఇది ఏ విద్య అని అడిగితే, అక్షహృదయమని రాజు బదులు చెప్పినాడు. నలుని చేతిలో అశ్వహృదయమున్నది. రాజు వద్ద అక్షహృదయమున్నది. ఒకదానికి మారుగా ఒకటి చేతులు మారినది.

ఈ కథలో మూడు సంగతులు గమనింపదగినవి. పాచికల విద్య నలునకు రాజాస్థానములో లభింపలేదు, దారిలో లభించినది. ఇచ్చినవాడు గురుపీఠమెక్కిన గురువు కాడు. తనకు తెలియని మరొక విద్యను కోరుతున్న తోడి ప్రయాణికుడు. పుచ్చుకొన్నవాడు చేతులు కట్టుకొని వినలేదు. చెట్టు దగ్గరకు పోయి కాయలు లెక్కించినాడు.

ఈ కథ మాకు ఈ మధ్య ఒక శ్రోత వ్రాసిన ఉత్తరము వలన జ్ఞాపకము వచ్చినది. ఆయన ఒక చిన్న పట్టణములో డిగ్రీ ముగించిన యువకుడు. కళాశాలలో సంభావ్యత, అనగా అవకాశముల గణితము, కొంత చదివినాడట. పై మెట్టు ఎక్కవలెనని కోరిక. అక్కడ చెప్పగలవారు లేరు. ఇంగ్లీషు గ్రంథములు రెండు మూడు తెరచి చూచి, పది పుటలు దాటలేక మూసివేసినాడు. “మంచి పుస్తకమేదో చెప్పండి, లేక ఇది నాకు రాని విద్య అయితే ఆ మాటైనా చెప్పండి” అని ముగించినాడు. మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పడము సులభము. రెండవ మాట మమ్ము కలతపెట్టినది. దానికి సమాధానముగా ఒక చరిత్ర చెప్పవలెనని తోచినది. అది మన దేశములోనే, కలకత్తా నగరపు అంచున, 1956కును 1963కును నడుమ జరిగినది.

ముందుగా ఈ పై మెట్టు ఏమిటో చూతము. ఒక రూపాయి నాణెమును నూరుసార్లు ఎగురవేసినారనుకోండి. బొమ్మ సరిగా 50 సార్లు పడుటకు అవకాశమెంత? సగము సగము కదా, తప్పక పడునని పెక్కుమంది అంటారు. లెక్క కడితే అది నూటికి 8 పాళ్లు మాత్రమే. అయితే 40కి తగ్గకుండా, 60కి మించకుండా పడుటకు నూటికి 96 పాళ్ల అవకాశమున్నది. మరొక వింత చూడండి. ఇద్దరు పందెము కాసి 20 సార్లు నాణెము ఎగురవేస్తారు. ఇద్దరిలో ఎవరో ఒకరు మొదటినుండి తుదివరకు ఒక్కసారియైనా వెనుకబడకుండుటకు నూటికి 35 పాళ్ల అవకాశము కలదు. ఆధిక్యము ఇద్దరికీ సరిసమానముగా, పదేసి ఎత్తులపాటు ఉండుటకు నూటికి 6 పాళ్లే. జూదములో వరుసగా ఓడినవాడు దైవమును నిందించడము లోకసహజము. ఆ ఓటమిలో దైవద్వేషమేమియు లేదనియు, నిష్పాక్షికమైన నాణెము నడక సయితము అట్లే ఉండుననియు ఈ లెక్క చెబుతున్నది.

ఇంతవరకు కూడికలు, గుణకారములు చాలును. ఎగురవేయడము ఎన్నటికీ ఆపకపోతే ఏమగును? అక్కడ కొత్త చిక్కు వచ్చిపడుతున్నది. అనంతముగా సాగే బొమ్మ బొరుసుల వరుసలు లెక్కకు అందనివి. వానిలో ఏ ఒక్క వరుసను తీసుకొన్నను, సరిగా అదే పడుటకు అవకాశము సున్న. సున్నలన్నియు చేరి నిండు ఒకటి ఎట్లు అయినది? పొలము ఉన్నవారికి ఈ చిక్కు సులభముగా బోధపడును. చేనిలోని చుక్కకు వైశాల్యము లేదు. ఆ చుక్కలన్నియు చేరిన చేనికి ఎకరములున్నవి. కాబట్టి ఇక్కడ లెక్కించడము మాని కొలవడము నేర్వవలెను. ఇట్టి కొలతల సిద్ధాంతమును ఫ్రాన్సు దేశపు లెబేగ్ 1902లో నిర్మించినాడు. ఆ దేశమువాడే అయిన బొరెల్ 1909లో దానిని నాణెపు ఆటకు అన్వయించినాడు. 1933లో రష్యా గణితజ్ఞుడు కోల్మొగొరోవ్, తన ముప్పదవ ఏట, సంభావ్యత యావత్తును ఆ కొలతల పునాదిమీద నిలబెట్టి ఒక చిన్న గ్రంథమును వెలువరించినాడు. కళాశాల చదువునకును పై మెట్టునకును నడుమనున్న గడప ఇదియే. మా శ్రోత ఆగినది ఇక్కడనే అయి ఉండునని మా ఊహ.

ఈ విద్యకు మరొక చిక్కు కూడ ఉన్నది. అది ఒక భాషలో కుదురుగా కూర్చున్న విద్య కాదు. 1654లో పాస్కల్, ఫెర్మా అను ఇద్దరు ఫ్రెంచి పండితులు జూదపు పందెములను గూర్చి వ్రాసుకొన్న జాబులతో ఇది ఒక శాస్త్రముగా రూపుదిద్దుకొన్నది. జాకబ్ బెర్నూలీ గ్రంథము ఆయన మరణించిన ఎనిమిదేండ్లకు, 1713లో, లాటిను భాషలో వెలువడినది. ఫ్రాన్సునుండి శరణార్థిగా లండను చేరి, ఇంటింటికి పోయి పాఠములు చెప్పి పొట్ట పోసుకొన్న డి మావ్ర్ 1718లో ఇంగ్లీషున వ్రాసినాడు. లాప్లాస్ మహాగ్రంథము 1812లో ఫ్రెంచిలో వచ్చినది. రష్యనుడైన కోల్మొగొరోవ్ తన 1933 నాటి గ్రంథమును జర్మను భాషలో ప్రకటించినాడు. అది ఇంగ్లీషున లభించుటకు 1950 వరకు ఆగవలసి వచ్చినది. నెదెంకోతో కలసి ఆయన 1949లో రష్యనులో వ్రాసిన మరొక గ్రంథము 1954లో ఇంగ్లీషులోనికి వచ్చినది. పుస్తకము దొరకలేదని, దొరికినది అర్థము కాలేదని చింతించేవారు తాము మొదటివారము కామని తెలిసికొంటే కొంత ఊరట కలుగును.

ఇక కలకత్తా సంగతి. అక్కడి కథ కూడ ఒక పుస్తకముతోనే మొదలైనది. 1915లో ప్రశాంతచంద్ర మహలనోబిస్ గారు కేంబ్రిడ్జిలో భౌతికశాస్త్రము చదువు ముగించి స్వదేశమునకు బయలుదేరబోతున్నారు. అది మొదటి ప్రపంచ యుద్ధకాలము, ప్రయాణము ఆలస్యమైనది. ఆ విరామములో కళాశాల గ్రంథాలయమున ఒక అధ్యాపకుడు ఆయనకు ‘బయోమెట్రికా’ అను సాంఖ్యకశాస్త్ర పత్రిక సంపుటములను చూపినాడు. మహలనోబిస్ గారు ఆ సంపుటములన్నియు కొని, ఓడలో చదువుతూ వచ్చినారు. ఆయనకు ఆ శాస్త్రములో గురువు లేడు. ఓడప్రయాణమే పాఠశాల అయినది. ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రము బోధిస్తూనే ఆయన పెంచిన చిన్న ప్రయోగశాల 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ అయినది. 1933లో, అనగా కోల్మొగొరోవ్ గ్రంథము వెలువడిన సంవత్సరముననే, ఆ సంస్థ ‘సంఖ్య’ అను పత్రికను ఆరంభించినది.

ఆ సంస్థకు మన తెలుగువారితో గల సంబంధము మిక్కిలి సన్నిహితమైనది. కల్యంపూడి రాధాకృష్ణారావు గారు, లోకము సి. ఆర్. రావని పిలిచిన మహనీయుడు, 1920లో హడగలిలో తెలుగు కుటుంబమున జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివినారు. రెండవ ప్రపంచ యుద్ధకాలములో సైనిక సర్వే శాఖలో ఉద్యోగమునకు కలకత్తా వెళ్లినారు. వయస్సు చాలదని ఉద్యోగము ఇయ్యలేదు. బస చేసిన దక్షిణాది హోటలులో పరిచయమైన ఒక వ్యక్తి తాను మహలనోబిస్ గారి సంస్థలో శిక్షణ పొందుతున్నానని చెప్పినాడు. రావు గారు పోయి ఆ సంస్థను చూచినారు. 1941 జనవరిలో అందులో చేరినారు. అవకాశముల శాస్త్రమునకు అంతటి సేవ చేసినవారు అవకాశవశమున ఆ శాస్త్రములోనికి వచ్చినారు.

రావు గారి జీవితములోని మరొక ఘట్టమును ఇక్కడ చెప్పవలెను. ఆయన కలకత్తా విశ్వవిద్యాలయములో పాఠము చెబుతూ, ఒక ఫలితము పెద్ద సంఖ్యలో పరిశీలనలు ఉన్నప్పుడు వర్తించునని వివరించినారట. తరగతిలో ఉన్న దాండేకర్ అను విద్యార్థి, అనంతర కాలమున పేరుపొందిన అర్థశాస్త్రజ్ఞుడు, పరిశీలనలు కొద్దిగానే ఉన్నప్పుడు ఏమగునని అడిగినాడు. రావు గారికి సమాధానము తెలియదు. ఆ రాత్రి కూర్చుండి లెక్క సాధించి, మరునాడు తరగతికి చెప్పినారు. 1945లో ప్రకటితమైన ఆయన ప్రఖ్యాత వ్యాసములో ఆ ఫలితము కలదు. ప్రపంచములోని సాంఖ్యక విద్యార్థులందరును క్రామర్–రావు అసమానత పేర ఈనాటికి దానిని చదువుతున్నారు. గురువునకు తెలియని దానిని శిష్యుడు అడుగగలగడము, తెలియదని గురువు చిన్నబుచ్చుకొనకుండుట, ఈ రెండును ఆ సంస్థ గాలిలో ఉన్నవి.

ఆ గాలి పీల్చుటకు మదరాసునుండి యువకులు వచ్చినారు. కె. ఆర్. పార్థసారథి గారు 1956లో చేరినారు. వి. ఎస్. వరదరాజన్ గారు, ఆర్. రంగారావు గారు ఆ కాలమువారే. ఎస్. ఆర్. శ్రీనివాస వరదన్ గారు 1959లో, తన పందొమ్మిదవ ఏట, చివరగా వచ్చినారు. వరదన్ గారి తొలి సంకల్పము గణితజ్ఞుడు కావలెనని కాదు. కర్మాగారములలో సరకుల నాణ్యతను పరీక్షించే సాంఖ్యకశాస్త్రము నేర్చుకొని పరిశ్రమలో చేరవలెనని. ఆ పని కొంతకాలము చేసి చూచినారు, మనసు నిలువలేదు. అప్పుడు పార్థసారథి గారు, రంగారావు గారు ఆయనను తమ గోష్ఠిలోనికి లాగినారు.

ఆ గోష్ఠి స్వరూపమును ఊహించుకోండి. బారానగరులో బారక్‌పూర్ ట్రంకు రోడ్డు పక్కన చెట్ల నడుమ సంస్థ భవనములు. సి. ఆర్. రావు గారు పరిశోధన విభాగమునకు పెద్ద దిక్కు. కాగితముమీద ఈ యువకులకు ఆయనే మార్గదర్శి. కాని వారు ఎన్నుకొన్న శుద్ధ సంభావ్యత ఆయన సొంత పరిశోధన రంగము కాదు. నేను చెప్పినదే చదువవలెనని ఆయన పట్టుపట్టలేదు. వారిని వారి త్రోవన పోనిచ్చినారు. అందుచేత ఆ విషయములో వారికి పాఠము చెప్పే గురువు లేడనియే అనవలెను. ఉన్నది ఒక నల్లబల్ల, ఒక గ్రంథాలయము, తోడివారు. ఒకరు ఒక వ్యాసమును చదివి మిగిలినవారికి చెప్పవలెను. తెలియనిచోట తక్కినవారు అడ్డుపడుదురు. అడ్డు తీరేవరకు కథ ముందుకు సాగదు. ఋతుపర్ణుడును నలుడును దారిలో చేసిన మారకమే ఇక్కడ బల్లముందు జరిగినది.

వారి గ్రంథసంపద ఎంత? ఈనాటి విద్యార్థి చూస్తే నవ్వును. కోల్మొగొరోవ్ చిన్న గ్రంథము, ఆయనయు నెదెంకోయు కలసి వ్రాసినది, హాల్మోస్ కొలతల సిద్ధాంతము (1950), డూబ్ గ్రంథము (1953), లొయెవ్ గ్రంథము (1955): ఆ కాలమునకు ఈ శాస్త్రములో పై మెట్టున చెప్పుకోదగిన పుస్తకములు ఒక చేతి వ్రేళ్లతో లెక్కకు వచ్చేవి. మిగిలినది పత్రికలలో చెల్లాచెదురుగా ఉన్నది. మాస్కోనుండి సంభావ్యతకే అంకితమైన పత్రిక 1956లో మొదలైనది. ఆ సంవత్సరముననే ప్రోహరోవ్ ఒక వ్యాసము ప్రకటించినాడు. నాణెపు ఎగురవేతల వరుస క్రమముగా ఒక అవిచ్ఛిన్నమైన వక్రరేఖ నడకను పోలి వచ్చునని అందరును ఊహించినదే. ఆ పోలికకు కచ్చితమైన అర్థమేమిటి, ఎప్పుడు అది నిలుచును అనునవి ఆ వ్యాసములోని విచారము. కలకత్తా యువకులు ఇదే త్రోవలో నడిచినారు. ఆ విషయమును గూర్చి వరదరాజన్ గారు వ్రాసిన వ్యాసములు 1958లోనే ‘సంఖ్య’లో వెలువడినవి.

చదివినదానిని మరొక చోటికి మోసుకొనిపోవడము వారి అభ్యాసపద్ధతి. నెదెంకో–కోల్మొగొరోవ్ గ్రంథము సంఖ్యలను కూడుతూ పోతే ఏమగునో చెబుతున్నది. సంఖ్యలకు బదులు, కూడికవంటి ఒక క్రియ మాత్రమే గల ఇతర సమూహములలో ఆ మాట నిలుచునా? గడియారపు ముల్లు తిరుగుడును తీసుకోండి. పదింటికి అయిదు గంటలు కలిపితే మూడగును. అదియు ఒక విధమైన కూడికయే. అచ్చట యాదృచ్ఛికపు తిరుగుళ్లను కూడుతూ పోతే ఏమి మిగులును? ఈ తీరు ప్రశ్నలతో పార్థసారథి, రంగారావు, వరదన్ గారలు కలసి వ్రాసిన వ్యాసములు 1962, 1963లలో అమెరికా పత్రికలలో వెలువడినవి. ఒక గ్రంథము నిజముగా అర్థమైనదా లేదా అని తెలిసికొనుటకు ఇంతకంటె మంచి పరీక్ష లేదు. గ్రంథకర్త చెప్పని చోట అతని మాట ఎంతవరకు చెల్లునో చూడడము, నలుడు కాయలు లెక్కించుట వంటిదే.

1962లో కోల్మొగొరోవ్ స్వయముగా కలకత్తా వచ్చినాడు. ఇన్నేండ్లుగా ఎవరి గ్రంథములను అక్షరమక్షరము తరచి చదివినారో ఆ గ్రంథకర్త వారి నల్లబల్ల ముందు శ్రోతగా కూర్చున్నాడు. ఇరువదిరెండేండ్ల వరదన్ గారు తన పరిశోధనను వివరించినారు. తరువాత ఆ పరిశోధన వ్యాసమును పరీక్షించినవారిలో కోల్మొగొరోవ్ ఒకడు. పార్థసారథి గారు మాస్కో వెళ్లి అక్కడ కొంతకాలము గడిపినారు. ఆ రష్యా పండితుడు యాదృచ్ఛిక సంఖ్యల పట్టికలను గూర్చి వ్రాసిన వ్యాసము 1963లో మన ‘సంఖ్య’ పత్రికలో అచ్చయినది. విద్య ఒక దిక్కుగా ప్రవహించునది కాదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

వరదరాజన్ గారు 1960లో అమెరికా వెళ్లి, 1962లో తిరిగి వచ్చి, అక్కడ నేర్చుకొన్న సమూహముల సిద్ధాంతమును మిత్రులకు చెప్పినారు. నలుగురును ఒకచోట కూడి ఉన్నది కొద్ది నెలలే. 1963లో వరదన్ గారు న్యూయార్కు వెళ్లినారు. క్రమముగా తక్కినవారును దేశాంతరములకు పోయినారు. విడిపోయినను ఆ సాహచర్యము ఫలించుట మానలేదు. పార్థసారథి గారు 1967లో, కలకత్తాలో నేర్చుకొన్నదానిని కూర్చి, సంభావ్యతా కొలతలను గూర్చి ఒక గ్రంథము వెలువరించినారు. ఒకనాడు పుస్తకము లేక పత్రికలు తిరగవేసిన విద్యార్థి, తరువాతివారు వెదకే పుస్తకమును తానే వ్రాసినాడు. పిమ్మట ఆయన స్వదేశమునకు వచ్చి ఢిల్లీలో పెక్కేండ్లు బోధించినారు. రంగారావు గారు భట్టాచార్య గారితో కలసి 1976లో వ్రాసిన గ్రంథము కూడ ఈ విద్యలో ప్రామాణికమైనది.

వరదన్ గారికి 2007లో గణితశాస్త్రపు మహోన్నత బహుమానములలో ఒకటైన ఆబెల్ పురస్కారము లభించినది. ఆయన సాధించినది అరుదైన సంఘటనల శాస్త్రము. నాణెమును నూరుసార్లు ఎగురవేస్తే 60 లేక అంతకు మించి బొమ్మలు పడుటకు నూటికి సుమారు 3 పాళ్ల అవకాశమున్నది. వెయ్యిసార్లు ఎగురవేసి 600 లేక అంతకు మించి పడుటకు వెయ్యికోట్లలో ఒకటి రెండు పాళ్లే. అరుదైనది ఎంత వేగముగా మరింత అరుదగునో క్రామర్ 1938లోనే కొంత లెక్క కట్టినాడు. వరదన్ గారు 1966 మొదలుకొని దానిని విశాలమైన ఏకసిద్ధాంతముగా పెంచినారు. భీమా సంస్థ దివాలా తీయు ప్రమాదము, సమాచారపు తంతిలో రద్దీ మించిపోవు ప్రమాదము మొదలగు వానిని అంచనా కట్టుటకు ఆ సిద్ధాంతము అక్కరకు వచ్చుచున్నది. నాణ్యత పరీక్ష నేర్చుకొని కర్మాగారములో చేరవలెనని వచ్చిన పిల్లవానిని ఇద్దరు మిత్రులు పక్కత్రోవకు తీసుకొనిపోయినందువలన కలిగిన ఫలమిది.

ఆ తరము క్రమముగా గతించుచున్నది. వరదరాజన్ గారు 2019లోను, పార్థసారథి గారు 2023 జూనులోను, నూటరెండేండ్లు నిండిన రావు గారు అదే సంవత్సరము ఆగస్టులోను మరణించినారు. వారి చరిత్ర తలచుకొన్నప్పుడు, వారు అసాధారణ ప్రతిభావంతులు, మనకు వారితో పోలికేమిటి అని అనడము సులభము. ప్రతిభ మాట నిజమే. కాని ఆ ప్రతిభయే ఒంటరిగా ఒక గదిలో ఆ కొద్ది పుస్తకములతో కూర్చుండి ఉన్నట్లయితే ఎంతవరకు పోయేదో మనకు తెలియదు.

ఈ మాట మేము పరుల అనుభవము చూచి మాత్రమే చెప్పడము లేదు. విద్యార్థిదశలో మేమును హైదరాబాదు అబిడ్స్ కాలిబాటమీద ఒక ఆదివారమునాడు ఫెల్లర్ గ్రంథపు పాతప్రతి ఒకటి కొన్నాము. అంచులలో ఎవరో పూర్వ పాఠకుడు పెన్సిలుతో వ్రాసుకొన్న లెక్కలు, ప్రశ్నార్థకములు ఉన్నవి. మూడవ అధ్యాయము నడుమ ఒక పుటలో ఆ పెన్సిలు గీతలు ఆగిపోయినవి. ఆ తరువాతి కాగితములు నలగలేదు. మేమును సరిగా ఆ పుటనే ఆగిపోయినాము. ఇది మా బుద్ధికి అందనిదని నిశ్చయించుకొని గ్రంథమును అటకమీద పెట్టినాము. మాకు ముందు చదివినవాడు కూడ అట్లే అనుకొని దానిని అమ్మివేసి ఉండును. ఇద్దరము ఒకే చోట ఆగినాము. ఒకే కాలమున ఒకే బల్లవద్ద ఉన్నట్లయితే ఏమి జరిగి ఉండునో అను ఆలోచన చాల ఏండ్ల తరువాత గాని మాకు రాలేదు.

కనుక, ఉత్తరము వ్రాసిన మిత్రమా, నీ మొదటి ప్రశ్నకు సమాధానము ఇది. తెలుగున ఆరంభింపవలెనంటే, 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి డిగ్రీ తరగతులకు ప్రచురించిన పుస్తకములు పరిభాషకును పునాదికిని పనికివచ్చును. అంతకు పైన ఇంగ్లీషే శరణ్యము. మొదట 1950 నాటి ఫెల్లర్ మొదటి సంపుటము చదువు. అందులో కొలతల సిద్ధాంతము అక్కరలేకుండ నాణెపు ఆటలోని వింతలన్నియు ఉన్నవి. మేము పైన చెప్పిన 35 పాళ్ల లెక్క అక్కడిదే. గడప దాటుటకు పార్థసారథి గారు 1977లో విద్యార్థుల కొఱకు వ్రాసిన సంభావ్యత–కొలతల గ్రంథము గాని, బిలింగ్స్‌లీ 1979లో వ్రాసినది గాని తీసుకో. బిలింగ్స్‌లీ సంభావ్యతను, కొలతలను ఒకదాని వెంట ఒకటిగా, అవసరము కలిగినప్పుడు మాత్రమే పరిచయము చేస్తాడు. కొంత చేయి తిరిగిన తరువాత 1991 నాటి డేవిడ్ విలియమ్స్ చిన్న గ్రంథము, 2001లో వెలువడిన వరదన్ గారి పాఠములు చదువవచ్చును. ఒకేసారి నాలుగు కొనవద్దు. ఒకటి తీసుకొని, ప్రతి అధ్యాయము చివరనున్న లెక్కలను చేతితో చేయి. ఈనాడు మహావిద్యాలయముల పాఠములు తెరమీద ఉచితముగా లభిస్తున్నవి. వినుటకు అవి మంచివి. కాని విన్నంత మాత్రమున కాయలు లెక్కించినట్లు కాదు.

నీ రెండవ మాటకు సమాధానము మేము చెప్పగలిగినది కాదు. నీవు ఒంటరిగా తేల్చుకోగలిగినదియు కాదు. తోడు ఒకరిని వెదకుకో. ఆ తోడు నీకంటె ఎక్కువ తెలిసినవాడు కానక్కరలేదు. కొలతల సిద్ధాంతము తెలియని సాంఖ్యక విద్యార్థి కావచ్చు. సంభావ్యత తెలియని గణిత అధ్యాపకుడు కావచ్చు. రాత్రి విధి ముగించుకొని వచ్చే ఇంజనీరు కావచ్చు. వారమునకు ఒక గంట, ఒక నల్లబల్ల, వంతులవారీగా చెప్పడము, అర్థము కానిచోట అడ్డుపడడము: కలకత్తా యువకుల పెట్టుబడి ఇంతే. పది వారములు అట్లు కూర్చుండిన పిమ్మట, ఇది రాని విద్యయో కాదో మరల మాకు వ్రాయి.

మా మాట కూడ చెప్పి ముగింతుము. అటకమీది ఆ ఫెల్లర్ ప్రతిని నిరుడు క్రిందికి దింపినాము. మా కేంద్రములోనే పనిచేసే ఒక యువ ఇంజనీరు తోడు దొరికినాడు. ఆయనకు ఇంగ్లీషు వాక్యములు విసుగు, సమీకరణములు సులభము. మాకు దానికి విపర్యయము. ప్రతి ఆదివారము ఉదయపు ప్రసారము ముగిసిన తరువాత, వార్తల వేళ అయ్యేవరకు కూర్చుంటాము. పెన్సిలు గీతలు ఆగిన పుటను దాటడానికి ఏడు ఆదివారములు పట్టినవి. ఇప్పుడు ఆ తరువాతి పుటల అంచులలో రెండు చేతి వ్రాతలు ఉన్నవి.